ఎత్తిపోతలకు తువ్వాళ్లు వద్దు

వానలు మొదలయ్యాయంటే గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో మాచర్ల దగ్గరి ఎత్తిపోతల జలపాతానికి వెళ్దామని ఒక మెసేజ్ తిరుగుతుంది. "ఆదివారం ఎత్తిపోతల. పొద్దున 7 కల్లా బయల్దేరదాం. తువ్వాళ్లు, ఇంకో జత బట్టలు మర్చిపోకండి." మొన్న అలాంటిదే మళ్లీ కంటపడింది. ఎవరెవరు వస్తున్నారో ఉంది, ఎవరి కారో ఉంది, బిర్యానీ ఎక్కడ కట్టించుకోవాలో కూడా ఉంది. ఎగువన వాన పడిందా, వాగు ఎలా ఉంది, లోయలోకి ఎంతవరకు దిగాలి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి, ఇవేవీ లేవు.

అందులో ముందుగా గుచ్చుకున్న మాట తువ్వాలు. సంచిలో తువ్వాలు పడ్డాక ఆ రోజు నడకంతా దాని వెనకే పోతుంది. తడవాలంటే నీళ్ల దాకా వెళ్లాలి. నీళ్ల దాకా వెళ్లాలంటే ఆపిన చోట ఆగకూడదు. పైన నిలబడి చూస్తున్నంతసేపూ అసలు పని ఇంకా మొదలవలేదన్న తొందర. ఎత్తిపోతల స్నానాల జలపాతం కాదు. పైనుంచి తీరిగ్గా చూసి, వదిలినంతవరకు దిగి, మళ్లీ ఎక్కి రావడానికి కుదిరిన చోటు. ఒక్కరోజు నడకకు దాన్ని ఎంచుకునేవాళ్లు ప్లానును ఇక్కడి నుంచే మొదలుపెట్టాలన్నది నా వాదన. ఈ ఒక్కటి తేల్చుకుంటే బయల్దేరే టైము, చెప్పులు, నీళ్లు, ఎవరు దిగాలి, ఎవరు పైన ఉండాలి, అన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

తలకిందుల నడక

మామూలుగా జలపాతం దారి అంటే వాగు పట్టుకుని పైకి పోవడం. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడు ఎక్కుతాం, అలసిపోయాక దిగుతాం. మధ్యలో ఎవరికైనా చాలనిపిస్తే అక్కడే వెనక్కి తిరుగుతారు. ఇక దిగుడే కాబట్టి మెల్లగానైనా కిందికి చేరతారు.

ఎత్తిపోతలలో ఇది తిరగబడుతుంది. బండి దిగి వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే జలపాతం మన కాళ్ల కిందుంటుంది. చంద్రవంక వాగు, నక్కల వాగు, తుమ్మల వాగు మూడూ కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి మడుగులో పడతాయి. అక్కడి నుంచి చంద్రవంక కృష్ణలో కలవడానికి పోతుంది. సాగర్ డ్యాం అక్కడికి 11 కిలోమీటర్లు. తలెత్తి చూడాల్సిన జలపాతాన్ని తల వంచి చూస్తాం. దత్తాత్రేయ స్వామి గుడి వైపు దిగేవాళ్లకు ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. అంటే చల్లటి పొద్దున తేలిక పని అయిపోతుంది, కష్టమైన పని ఎండ ముదిరాక, కాళ్లు అలిసాక మిగులుతుంది. దిగేటప్పుడు ఎవరికీ ఆయాసం రాదు కాబట్టి, ఎక్కడ ఆగాలో ఒళ్లు చెప్పదు. తలకిందుల నడకలో ఉన్న చిక్కంతా ఇదే.

పేరు గురించి ఒక మాట, ఇది ప్రయాణానికి కూడా పనికొస్తుంది. ఫోనులో ఉత్తినే 'ఎత్తిపోతల' అని కొడితే వచ్చేవాటిలో చాలా భాగం ఎత్తిపోతల పథకాలవే, అంటే మోటార్లతో నీటిని పైకి తోడి పొలాలకు పోసేవి. ఇక్కడ నీళ్లను ఎవరూ ఎత్తరు. ఎత్తు నుంచి పోత. యతుల తపస్సుతో ఆ పేరును ముడిపెట్టి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సరే, మ్యాపులో 'ఎత్తిపోతల జలపాతం, మాచర్ల' అని పూర్తిగా కొట్టండి. దారి ముందుగానే ఫోనులోకి దించుకోండి, లోయ అంచుల్లో సిగ్నల్‌ను నమ్ముకోకూడదు.

70 అడుగులంటే ఎంత? అపార్టుమెంటులో అంతస్తుకు 10 అడుగుల చొప్పున ఏడంతస్తులు. 1892లో స్కాట్లండ్ కొండల్లో నడిచే నెయిస్మిత్ అనే ఆయన ఒక లెక్క కట్టాడు: 3 మైళ్ల నడకకు గంట, ప్రతి 2000 అడుగుల ఎక్కుడుకు ఇంకో గంట. కొండలెక్కేవాళ్లు ఇప్పటికీ దాన్నే వాడతారు. ఆ లెక్కన 70 అడుగుల ఎక్కుడుకు రెండు నిమిషాల చిల్లర కలిపితే చాలు. ఎత్తిపోతల ప్లాను వేసేవాళ్లు తెలియకుండానే ఇలాంటి లెక్కే వేస్తారు: "ఎంతుందిలే, పది నిమిషాల్లో ఎక్కేస్తాం." నెయిస్మిత్ లెక్క చల్లటి దేశంలో, అలవాటున్న కాళ్లకు. దాంట్లో ఎండ లేదు. పల్నాడు బండ పొద్దున పదింటికే కాగడం మొదలవుతుంది. వేసవిలో రెంటచింతల పేరు వార్తల్లోకి ఎందుకెక్కుతుందో మనకు తెలుసు, ఆ ఊరు దాటే మాచర్ల వెళ్తాం. లోయలో గాలి ఆడదు, తుంపరతో ఉక్క, పక్కనున్న రాతి నుంచి వేడి. చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఏడంతస్తులు ఎక్కలేక కాదు, ఆ వేడిలో ఎక్కడం వల్లే మనిషి కూలబడతాడు.

అందుకే వారం ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. మీ అపార్టుమెంటులోనో, చుట్టాల అపార్టుమెంటులోనో మూడు కిలోల సంచి వీపున వేసుకుని, లిఫ్టు వదిలేసి, ఏడంతస్తులు ఆగకుండా ఎక్కి దిగి మళ్లీ ఎక్కండి. ఐదంతస్తుల భవనమే ఉంటే మూడుసార్లు. రెండోసారి ఎక్కేటప్పుడు మధ్యలో రెండుసార్ల కన్నా ఎక్కువ ఆగాల్సొచ్చినవాళ్లు ఎత్తిపోతలలో పైనే ఉండాలి. బీపీ, గుండె జబ్బు మందులు వాడేవాళ్లు ఈ పరీక్ష కూడా పెట్టుకోవద్దు, నేరుగా పైనే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, ఎందుకంటే ఈ జలపాతం బాగా కనిపించేది పైనుంచే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి

మన దగ్గరి కొండల్లో, కొండపల్లి వైపో కొండవీడు వైపో, వాన వెలిసిన ఒకటి రెండు రోజులు రాళ్ల మీద నీళ్లు జారి ఆగిపోతాయి. వాన పడితే ఉంది, లేకపోతే లేదు. ఎత్తిపోతల అలా కాదు. వాగుల నీటికి తోడు, చూడవచ్చేవాళ్ల కోసం ఎగువన కాలువల నుంచి కూడా నీళ్లు వదులుతుంటారు. అందుకని వాన లేని నెలల్లోనూ ధార కనిపిస్తుంది. ఈ చోటు విశేషం ఇది, ప్రమాదం కూడా ఇదే. గుంటూరులో ఎండ కాస్తోంది కాబట్టి అక్కడ నీళ్లు తక్కువని గానీ, ఇక్కడ కుండపోత కాబట్టి అక్కడా అంతేనని గానీ అనుకోవడానికి లేదు.

కాబట్టి ముందురోజు రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. గడిచిన రెండు రోజుల్లో మాచర్ల, దుర్గి వైపు గట్టి వాన పడిందా? కాలువకు నీళ్లు వస్తున్నాయా? అడగాల్సింది అక్కడ ఉండేవాళ్లను. మాచర్లలో చుట్టమో, బస్టాండు దగ్గర ఆటో నడిపేవాళ్లో, ఎరువుల కొట్టువాళ్లో ఎవరైనా చెబుతారు. "నీళ్లున్నాయా?" అని అడగొద్దు. ఉన్నాయనే అంటారు. "నీళ్ల రంగు ఎలా ఉంది?" అని అడగండి. తేటగా ఉంటే వెళ్లొచ్చు. ఎర్రగా ఉంటే ఎగువన వాగు కొత్త నీటితో వస్తోందని. ఆ రోజు వ్యూ పాయింట్ దాటి దిగే ఆలోచన ఇంట్లోనే మానుకోవాలి.

అక్కడికి చేరాక కూడా మొదటి పావుగంట చూడాల్సింది ఇదే. వాగు పెరగబోతుంటే ముందు రంగు మారుతుంది, తర్వాత ఎండుటాకులు, పుల్లలు, నురగ గుంపులుగా వస్తాయి, ఆ వెనక చప్పుడు మారుతుంది. సన్నగా వినిపించే హోరు బరువెక్కి ఛాతీలో తగిలినట్టుంటుంది. దిగినవాళ్లలో ఒకరు గట్టున ఒక రాయిని గుర్తు పెట్టుకోవాలి, సగం మునిగి సగం తేలి ఉన్న రాయి. ఐదు నిమిషాలకోసారి దాని వైపు చూడటమే ఆయన పని. తడి గీత పైకి జరిగితే ఇక మాటల్లేవు, అందరూ పైకి. పైన ఆకాశం నీలంగా ఉందన్న ధీమా పనికిరాదు. మూడు వాగుల్లో ఏ ఒక్కదాని ఎగువన వాన పడినా నీళ్లు చేరేది ఇక్కడికే.

మడుగు సంగతి

ఎత్తిపోతలలో మొసళ్ల పెంపకం కేంద్రం ఉందని అందరికీ తెలుసు. తెలిసీ తువ్వాలు పెట్టుకుంటారు. ఎందుకంటే మొసలి అంటే కంచె వెనక గట్టు మీద నోరు తెరుచుకుని ఎండలో పడుకున్నదే కళ్లలో మెదులుతుంది. అలా పడుకున్న మొసలి కనిపిస్తుంది కాబట్టి భయం లేదు. మన మంచినీటి మొసలి, మగ్గర్, వేటాడేది నీటి అంచున. ఒళ్లంతా నీటిలో ఉంచి కళ్లు, ముక్కు కొన మాత్రం పైన పెట్టి కదలకుండా గంటలు గడుపుతుంది. మట్టి రంగు నీటిలో అవి రెండు చిన్న రాళ్లలా ఉంటాయి. గట్టుల్లో బొరియలు తవ్వుకుని ఉండే అలవాటు కూడా దీనికుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు ఇసుకలో, మట్టిలో గుడ్లు పెట్టి గూడును కాపలా కాస్తుంది. ఆ రోజుల్లో గట్టు కూడా దానిదే. వన్యప్రాణి రక్షణ చట్టం కింద దానికి పూర్తి రక్షణ ఉంది. మొసళ్లు కరువైపోతున్నాయనే 1975లో దేశంలో వాటి పెంపకం పథకాలు మొదలయ్యాయి. అది ఉండాల్సిన చోట అది ఉంది. చుట్టపుచూపుగా వచ్చింది మనం.

మొసలి లేదనుకున్నా సరే, ధార కింద మడుగులోకి దిగొద్దనే అంటాను. ధార పడే చోట నీటిలో గాలి బుడగలు కలిసి తెల్లగా పొంగుతుంటుంది. ఆ తెల్ల నీరు సగం గాలి. మామూలు నీటిలో తేలే మనిషి దాంట్లో తేలడు, ఈతగాడి చేతికి పట్టు దొరకదు. పడిన నీరు అడుగుకు వెళ్లి, కాస్త ముందుకు పోయి పైకి లేచి, పైపైన మళ్లీ ధార వైపే తిరుగుతుంది. అంటే బయటికి ఈదేవాణ్ణి లోపలికి లాగుతుంది. ఇక పైనుంచి నీటితో పాటు రాళ్లు కూడా రావచ్చు. 70 అడుగుల మీద నుంచి వదిలిన రాయి కింద పడటానికి పట్టేది రెండు సెకన్ల పైచిలుకు. అప్పటికి దాని వేగం గంటకు 70 కిలోమీటర్ల పైనే. పిడికెడు రాయి చాలు.

"అక్కడివాళ్లు దిగుతూనే ఉంటారు, ఏమీ కాలేదు కదా" అనే మాటకు జవాబు చెప్పాలి, ఎందుకంటే అది ఉత్తుత్తి మాట కాదు. ఆ నేల మీద పెరిగినవాళ్లకు ఏ రాయి జారుతుందో, ఏ నెలలో ఏ గట్టుకు పోకూడదో ఒంటికి తెలుసు. వాళ్లు దిగే చోటు, మనం దిగే చోటు ఒకేలా కనిపించినా ఒకటి కాదు. పైగా వాళ్లు ఏడాదంతా చూసి దిగుతారు, మనం ఏడాదికొక ఆదివారం దిగుతాం. వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది ఒకటుంది: వద్దన్న రోజున వాళ్లే దిగరు. మెట్ల దారి ఆ రోజు ఎంతవరకు వదిలారన్నది అక్కడి సిబ్బంది మాట. "ఒక్క ఫొటో తీసుకుని వచ్చేస్తాం" అని వాళ్లతో బేరమాడటం ఆపేస్తే సగం ప్రమాదాలు ఉండవు.

7 గంటలు ఎందుకు తప్పు

గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకు నూట ఇరవై కిలోమీటర్ల పైమాటే. అక్కడి నుంచి ఇంకో పదిహేను. ఊళ్లు, స్పీడు బ్రేకర్లు, పత్తి ట్రాక్టర్లు, గొర్రెల మందలు కలుపుకుంటే గంటకు 45 కిలోమీటర్ల కన్నా ఎక్కువ వేసుకోకూడదు. టీ, టిఫిన్లతో మూడున్నర గంటలు. విజయవాడ వాళ్లకు ఇంకో గంట. 7 కి బయల్దేరితే చేరేది పదిన్నర, పదకొండున్నర. చూసి, ఫొటోలు దిగి, లోయలోకి దిగేసరికి పన్నెండు. ఎక్కేది సరిగ్గా ఒంటిగంట ఎండలో, ఆకలితో. ఇంతకన్నా చెడ్డ టైము కావాలన్నా దొరకదు.

గుంటూరు నుంచి 5 కి, విజయవాడ నుంచి 4 కి కదలాలి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటేసరికి తెల్లగా తెల్లవారిపోతుంది. ఎనిమిదిన్నరకు చేరి, ముప్పావు గంట పైనే ఉండి నీళ్ల తీరు చూడాలి. తొమ్మిదింబావుకు దిగుడు. పదింబావుకు, ఎక్కడున్నా సరే, వెనక్కి. గుడి దాకా చేరకపోయినా వెనక్కే. ఆ టైమును దిగే ముందే అందరి ముందూ పైకి చెప్పాలి, ఫోనులో అలారం పెట్టాలి. కింద ఎవరూ గడియారం చూడరు. పదకొండుకల్లా అందరూ నీడలో ఉంటే ఆ రోజు నడక కుదిరినట్టే.

పైన ఒకరు తప్పకుండా ఉండాలి. కారు తాళం ఆ మనిషి దగ్గరే ఉండాలి. తాళం లోయలోకి దిగిన జేబులో ఉండిపోతే, కింద ఎవరికైనా కాలు మడత పడినప్పుడు బండి కదలదు. ఎన్నింటికి రావాలో ఆ మనిషికి తెలుసు. అరగంట దాటితే అక్కడి సిబ్బందికి చెప్పి, 108 కి ఫోన్ చేయాలి.

రైల్లో వెళ్లొచ్చా అని అడిగేవాళ్లుంటారు. గుంటూరు నుంచి నడికుడి మీదుగా మాచర్లకు లైను ఉంది, ప్రయాణం కూడా హాయిగా ఉంటుంది. కానీ ఆ రోజంతా రైలు టైముకు కట్టుబడుతుంది. పదింబావుకు వెనక్కి తిరగాలన్న నియమం ముందు "బండికి ఇంకా టైముంది కదా" అన్న మాట నిలబడుతుంది. మాచర్లలో రాత్రి ఉండేవాళ్లకే రైలు మంచిది.

నెలల మాటకొస్తే సెప్టెంబరు చివరి నుంచి జనవరి దాకా నయం. మార్చి దాటాక ఈ నడక వద్దు, జలపాతంలో ఎన్ని నీళ్లున్నా వద్దు.

కాళ్లు, నీళ్లు, సద్ది

హవాయి చెప్పులతో దిగేవాళ్లను చూస్తే వెనక నుంచే తెలుస్తుంది ఎక్కడ జారతారో. దిగేటప్పుడు బరువంతా కాలి ముందు భాగం మీద పడుతుంది, తడిసిన చెప్పులో పాదం ముందుకు జారి పట్టీ వేళ్ల మధ్య కోస్తుంది. అడుగున గాడులున్న రబ్బరు బూటు కావాలి. కొత్తది వద్దు, కనీసం రెండు వారాలు తొడిగింది కావాలి. ముందురోజు రాత్రి కాలి గోళ్లు తీసుకోండి, దిగుడులో బొటనవేలి గోరు బూటు ముక్కును తన్ని నల్లబడేది అందుకే. లేసును మడమ దగ్గర బిగించి, వేళ్ల దగ్గర వదులుగా కట్టండి. అడుగు పట్టు ఉందో లేదో ఇంట్లోనే తెలుస్తుంది: బట్టలుతికే బండ మీద నీళ్లు పోసి, సబ్బు లేకుండా, ఒక కాలి మీద బరువు మోపి చూడండి.

రాతి మీద పాచి పచ్చగా ఉంటే అందరూ తప్పుకుంటారు. పడగొట్టేది నల్ల పాచి. ఎండినప్పుడు రాతికి మసి పట్టినట్టుంటుంది, గరుగ్గా ఉంటుంది, ఎక్కినా ఏమీ కాదు. అదే చోట తుంపర పడి తడిసిందంటే సబ్బే. పొద్దున పొడిగా ఉండి దిగనిచ్చిన రాయి, గాలి మళ్లి తుంపర ఇటు కొట్టాక ఎక్కనివ్వదు. మడమ ముందు ఆనించొద్దు, పాదం మొత్తం ఒకేసారి ఆనించండి, మోకాలు కాస్త వంచి. మోచేయి ఎత్తు వరకు వచ్చే వెదురు కర్ర ఒకటి మోకాళ్లకు ఎంత సాయమో దిగితే తెలుస్తుంది. మర్నాడు తొడలు పట్టేసేది ఎక్కినందుకు అని చాలామంది అనుకుంటారు. అది దిగినందుకు. దిగే ప్రతి అడుగులో తొడ కండరం సాగుతూ బరువు ఆపుతుంది.

మంచినీళ్లు మనిషికి మూడు లీటర్లు. రెండు వెంట, ఒకటి బండిలో. ఓఆర్‌ఎస్ పొట్లాలు మనిషికి ఒకటి. పెద్ద పొట్లం, 21 గ్రాములది, సరిగ్గా ఒక లీటరు నీటికి. దాన్ని గ్లాసు నీళ్లలో కలిపి గటగటా తాగేవాళ్లున్నారు. అంత చిక్కటి ఉప్పు నీరు దాహం తీర్చకపోగా వాంతి తెప్పిస్తుంది. గ్లాసుకు సరిపడేది 4.2 గ్రాముల చిన్న పొట్లం, 200 మిల్లీలీటర్లకు. చెమట పట్టడం ఆగి, ఒళ్లు కాలుతూ, మాట తడబడితే అది ఆయాసం కాదు, వడదెబ్బ. అప్పుడు తాగించడం కాదు, నీడలో పడుకోబెట్టి, నీళ్లతో తడిపి, విసరాలి, 108 పిలవాలి.

తినడానికి బిర్యానీ వద్దు. నూనె, మసాలా తిని ఎండలో ఎక్కడం ఒక ఇబ్బంది, తిన్నాక స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు కునుకు పట్టడం ఇంకో ఇబ్బంది. పులిహోర చాలు, చింతపండు పులుపుకు మధ్యాహ్నం దాకా చెడదు. ఆరుగురికి ముప్పావు కిలో బియ్యం. పెరుగన్నం కలిపి తీసుకెళితే పదింటికే పులుస్తుంది. దానికి మన ఇళ్లలో ఉన్న ఉపాయమే వాడండి: అన్నం మెత్తగా వండి, గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు తోడుగా కలిపి క్యారియర్లో పెట్టండి. దారిలో తోడుకుంటుంది, పదకొండున్నరకు కమ్మగా ఉంటుంది. మూతకు క్లిప్పులున్న స్టీలు క్యారియరే తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవరు గలగలమంటే కోతులకు పిలుపే. తిన్నాక బండి నడిపేవాళ్లు ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవాలి. మిగతావాళ్లు ఆ ఇరవై నిమిషాలూ వాళ్లను పలకరించకూడదు.

దిగకపోతే ఏం పోతుంది

ఇక్కడ ఒక సందేహాన్ని దాటవేయలేను. రానూపోనూ ఏడు గంటల ప్రయాణం చేసి, గంటో గంటన్నరో నడిచి, నీళ్లు ముట్టుకోకుండా రావడాన్ని హైక్ అనాలా? దూరం లెక్కన చూస్తే అనక్కర్లేదు. ఆరోజు సిబ్బంది దిగనివ్వకపోతే నడక ఇంకా తగ్గిపోతుంది. నడకే కావాలనుకునేవాళ్లకు కొండవీడు కోట మెట్లే మేలు, దగ్గర కూడా. ఎత్తిపోతలకు వెళ్లాల్సింది వేరే కారణానికి: పడే నీటిని పైనుంచి చూడగల చోటు మనకు దగ్గరలో ఇదొక్కటి.

పైనుంచి చూడటంలో ఏముందో ఒక ఉదాహరణ చెబుతాను. తుంపరలో ఇంద్రధనుస్సు చూడాలంటే సూర్యుడు వీపు వెనక ఉండాలి, మన తల నీడ పడే దిక్కుకు 42 డిగ్రీల వలయంలో రంగులు కనిపిస్తాయి. సూర్యుడు 42 డిగ్రీల కన్నా పైకెక్కితే ఆ వలయం మొత్తం మన కంటి మట్టానికి కిందికి పోతుంది. మన దగ్గర సెప్టెంబరు చివర్లో సుమారుగా పొద్దున తొమ్మిది దాటిన దగ్గర్నుంచి మధ్యాహ్నం మూడు దాకా సూర్యుడు అంతకన్నా పైనే ఉంటాడు. అంటే ఆ ఆరు గంటలూ, కిందికి దిగి తలెత్తి ధారను చూసేవాళ్లకు రంగులు కనపడవు. పైన నిలబడి తల వంచి తుంపరలోకి చూసేవాళ్లకు, ఎండ వీపున పడేలా చోటు చూసుకుంటే, కనపడతాయి. పైనున్న ముసలాయనకు దొరికిన ఇంద్రధనుస్సు మడుగు దాకా దిగిన కుర్రాడికి దొరకదు. మీరు దిగకుండా రెయిలింగ్ వెంట పది అడుగులు అటూ ఇటూ జరుగుతూ తుంపర మీద కన్ను పెట్టండి. ఒకచోట రంగు తగులుతుంది, రెండడుగులు జరిగితే పోతుంది.

పిల్లల సంగతే నన్ను ఇంకా ఇబ్బంది పెడుతోంది. పెద్దవాళ్లకు కారణం చెప్పొచ్చు. నీళ్లు చూసిన ఎనిమిదేళ్ల పిల్లకు "చూడు, ముట్టుకోకు" అంటే అది శిక్షలాగే ఉంటుంది. డ్యాం కింద కృష్ణలో ఆడించి తెద్దామనుకోవడం ఇంకా తప్పు, పైనుంచి ఎప్పుడు నీళ్లు వదులుతారో గట్టున ఉన్నవాళ్లకు తెలియదు. స్నానానికి బదులుగా పిల్లలకు చేతినిండా పని ఒకటి ఇవ్వడం తప్ప నాకు వేరే దారి తోచలేదు. ఆ పని ఇది.

ఫోనులో స్టాప్‌వాచ్ తెరిచి ఇవ్వండి. రెయిలింగ్ ఇవతల కూర్చునే, ధార అంచు దగ్గర తెల్లగా విడివడిన ఒక నీటి ముద్దను కంటితో పట్టుకోమనండి. అది అంచు దాటగానే నొక్కాలి, మడుగు తాకగానే ఆపాలి. మొదటి నాలుగైదు సార్లు తప్పుతుంది, ముద్ద మిగతా నీటిలో కలిసిపోతుంది. పది అంకెలు కాగితం మీద రాయించి సగటు తీయించండి. సెకన్లను సెకన్లతోనే గుణించి, 16తో గుణిస్తే ఎత్తు అడుగుల్లో వస్తుంది. 70 అడుగులకు 2.1 సెకన్లు రావాలి. పిల్లలకు రెండున్నర దాకా వస్తుంది, ఆ లెక్కన జలపాతం 100 అడుగులు తేలుతుంది. తప్పు పిల్ల వేలిదా, నీళ్లదా? కొంత వేలిదే. మిగతాది, నీళ్లు రాయిలా పడవు. గాలికి చీలిపోతూ, దారిలో రాతిని రాసుకుంటూ, ఆగి ఆగి దిగుతాయి. ఇంకోసారి చూడమనండి. ఈసారి పిల్ల అంకె కోసం కాక, నీళ్లు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో చూస్తుంది.